నల్లపురుగుల గది

సి.ఐ. త్రికోటేశ్వరరావు బల్ల మీద మూడు ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. ఒకదాంట్లో చేతి గడియారం, ఇంకోదాంట్లో ఉంగరం, మూడోదాంట్లో బెల్టు బకిల్. రషీదా వాటిని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, ఒక్కోదాన్నీ తీరిగ్గా చూసింది.

“పురుగుల పెట్టెలో దొరికినవి ఇంతేనా?”

“నాలుగు ఎముక ముక్కలు కూడా దొరికాయి. ల్యాబుకి పంపాం” అన్నాడు సి.ఐ. “ఆ పురుగులు ఇంతకన్నా ఏం మిగలనిస్తాయి మేడం? గేదెని పడేసినా బొమికలే తేలతాయంట.”

“పెట్టెలో ఉన్న వరిపొట్టు అంతా జల్లెడ పట్టారా?”

“పిడికెడు కూడా వదల్లేదు. నా ఎదురుగానే పట్టించా.”

రషీదా తలూపింది. బకిల్‌కి ఇంకా గోరంత తోలు అంటుకుని ఉంది. దాని అంచు కొరికినట్టు లేదు, బ్లేడుతో కోసినట్టుంది. ఆ సంగతి ఆమె అప్పుడు చెప్పలేదు.

పద్దెనిమిదేళ్లు వేలిముద్రల విభాగంలో పనిచేసి బయటికొచ్చిన మనిషి రషీదా. నరసరావుపేటలో బట్టల కొట్టు పైన చిన్న గది తీసుకుని డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఆమె గుమ్మంలో అడుగుపెడితే త్రికోటేశ్వరరావుకి ఒళ్లు మండుతుంది. పోయిన ఏడాది మాచర్లలో జరిగిన ఒక దొంగతనంలో ఆయన పట్టుకున్నవాడు దొంగ కాదని తేల్చింది ఆవిడే. అయినా కూర్చోమన్నాడు. పాత డిపార్ట్‌మెంటు మనిషి. పైగా, ఆమె వెంట లాయరు కూడా వచ్చి వరండాలో నిలబడి ఉన్నాడు.

కేసు చూడటానికి సూటిగానే ఉంది. గురజాల దాటాక రోడ్డు పక్కన పెద్ద షెడ్లలో ఈగల పురుగుల్ని పెంచే ఫ్యాక్టరీ ఒకటుంది. మార్కెట్లలో కుళ్లిన కూరగాయలూ, హోటళ్లలో మిగిలిన అన్నమూ పురుగులకి వేస్తారు. బలిసిన పురుగుల్ని ఎండబెట్టి కోళ్ల మేతకీ చేపల మేతకీ అమ్ముతారు, మిగిలిన పిప్పిని ఎరువు చేస్తారు. బోర్డు మీద ఏం పేరున్నా జనం దాన్ని పురుగుల ఫ్యాక్టరీ అనే అంటారు. దాని యజమాని వీరాంజనేయులు ఆదివారం రాత్రి నుంచి కనపడలేదు. బుధవారం పోలీసులు ఫ్యాక్టరీలో వెతికితే ఒక పురుగుల పెట్టెలో ఆయన గడియారం, ఉంగరం, బకిల్ దొరికాయి. ఆదివారం సాయంత్రం ఆయనతో గొడవపడ్డ మెకానిక్ ఆదిల్‌ని అదే రోజు తెచ్చి కూర్చోబెట్టారు. గురువారం తెల్లారేసరికి వాడు నేరం ఒప్పుకున్నాడు. సాయంత్రం కోర్టులో హాజరుపరుస్తారు.

ఆదిల్‌తో మాట్లాడటానికి సి.ఐ. ఐదు నిమిషాలిచ్చి, తనూ వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. ఆదిల్‌కి ముప్ఫై ఏళ్లుంటాయి. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు.

“గొడవ దేనికొచ్చింది?” అడిగింది రషీదా.

“గుజ్జు చేసే మిషనుకి చేతికి అడ్డుండే గార్డు ఊడింది ఆపా. బిగించేదాకా నడపనన్నా. లోడు కుళ్లిపోతంది, నడపమని సార్ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

ఆదిల్ తల దించుకున్నాడు. “‘నా చెయ్యి పోతే మీరిస్తారా? ఏదో ఒకరోజు మిమ్మల్నే పురుగులకేస్తా’ అన్నా. ఆ మాట అక్కడ అందరం అంటాం ఆపా. కూరలో ఉప్పెక్కువైతే వంటామెను కూడా పురుగులకేస్తామంటాం.”

“మరి ఒప్పుకున్నానని సంతకం ఎందుకు పెట్టావు?”

“రాత్రంతా అదే అడిగారు. నిద్ర ఆగలా. పెడితే పడుకోనిస్తారేమోనని పెట్టా.”

గోడ దగ్గర సి.ఐ. గొంతు సవరించుకున్నాడు.

“ఆ పెట్టె ఉన్న గదిలోకి నువ్వు వెళ్తుంటావా?”

“లోపలి గదా? దానికి నెంబర్ల తాళం. మాకు చెప్పరు. సారుకీ జెబా మేడానికే తెలుసు.”

“సార్ నుంచి రాబట్టి ఉంటాడు” అన్నాడు సి.ఐ. “టైమైంది మేడం.”

బయట అరుగు మీద ఆదిల్ తల్లి గుల్జార్ బేగం కళ్లద్దాల పెట్టె పట్టుకుని కూర్చుని ఉంది. రషీదాని చూసి లేచింది.

“బేటీ, సాయంత్రం వాణ్ణి జైలుకి పంపుతారంట. ఇయ్యి లోపలికి ఇయ్యనిస్తారా? అద్దాల్లేకపోతే వాడికి అక్షరం కనపడదు. ఏ కాయితం మీద ఏం పెట్టిచ్చుకున్నారో ఏందో.”

రషీదా ఆ పెట్టె తీసుకుని లాయరు చేతికిచ్చింది. తర్వాత వెనక్కి తిరిగి, “నేను ఆ గది చూడాలి” అంది సి.ఐ.తో.

“సీలు వేశాం.”

“సీలు మీరు తీయండి, మీ ఎదురుగానే చూస్తా. లేదంటే సాయంత్రం జడ్జిగారి ముందు మా లాయరు అదే అడుగుతాడు.”

త్రికోటేశ్వరరావు టోపీ తలకి పెట్టుకున్నాడు.

*

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకరు జెబా. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, మూడేళ్లుగా పెంపకం పనంతా చూసుకుంటున్న అమ్మాయి. రెండో మనిషి కొండలు. పిడుగురాళ్ల, నరసరావుపేట మార్కెట్ల నుంచి కుళ్లిన సరుకు మోసుకొచ్చే కాంట్రాక్టరు. బుధవారం పంచనామాలో సాక్షి సంతకం ఆయనదే కాబట్టి, సీలు తీసేటప్పుడు కూడా ఉండాలని సి.ఐ. పిలిపించాడు. కొండలు మాస్కులు, చల్లటి నీళ్ల సీసాలు తెచ్చి అందరికీ తలా ఒకటి పంచాడు.

“మాస్కు పెట్టుకోండి మేడం. అలవాటు లేనోళ్లకి కడుపులో తిప్పుతది” అన్నాడు రషీదాతో.

ఆయన చెప్పింది నిజమే. మొదటి హాల్లో అడుగుపెట్టగానే పులిసిన వాసన ముక్కుపుటాల్ని పట్టుకుంది. హాలుకి తలుపు లేదు, తాళం లేదు. రెండు వైపులా నడుమెత్తు సిమెంటు తొట్లు. వాటినిండా మీగడ రంగు పురుగులు, అన్నం ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు. రషీదా తొట్టి మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఆవిరి కొడుతోంది.

“ఇవి తినేవా?”

“అవును మేడం” అంది జెబా. “పొద్దున వేసింది సాయంత్రానికి కనపడదు.”

“వాసన?”

“తడి ఉంటే వాసనుంటది. తినేకాలమంతా తొట్లో ఊట ఊరుతూనే ఉంటది.”

హాలు చివర ఇనప తలుపు. దాని మీద నెంబర్ల తాళం, దాని మీద పోలీసు సీలు. సి.ఐ. సీలు తీశాడు, జెబా నెంబర్లు నొక్కింది. తాళానికి గీతలు లేవు, తలుపు వంగలేదు. రషీదా టార్చి వేసి అంచులు చూసింది. ఎవరూ పగలగొట్టలేదు.

లోపల చీకటిగా ఉంది. వాసన లేదు. రషీదా మాస్కు కిందికి దించి ఇంకోసారి పీల్చింది. ఎండిన వరిపొట్టు వాసన తప్ప ఏమీ తగల్లేదు. గోడ పొడుగునా మూతలున్న ప్లాస్టిక్ పెట్టెలు. పక్కన గాజు తలుపుతో చిన్న అర. దాంట్లో ఇనప చట్రాలు ఖాళీగా ఉన్నాయి.

“ఇదే పెట్టె” అన్నాడు సి.ఐ. మూత తీస్తూ.

జెబా ఆ పెట్టెని చూసి నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. రషీదా అది గమనించింది. పెట్టెలో పొట్టు, పొట్టు నిండా పురుగులు. ఈ పురుగులు బయటి హాల్లోవాటిలా లేవు. బొగ్గు ముక్కల్లా నల్లగా, గట్టిగా, మెల్లగా పొర్లుతున్నాయి. రషీదా మణికట్టుదాకా చెయ్యి దూర్చి, అడుగున పొట్టు తీసి పిడికిట్లో నలిపింది. పొడిపొడిగా రాలిపోయింది.

“జల్లెడ పట్టిన పొట్టే మళ్లీ పోశారా?”

“అదే పోశాం. పురుగులూ అవే. సాక్ష్యం కదా.”

“ఆరబెట్టారా?”

“ఆరబెట్టటం ఎందుకు? ఇట్టాగే ఉంది.”

“జెబా, నువ్వేదో అనబోయావు.”

జెబా ఒక నల్లపురుగుని అరచేతిలోకి తీసుకుంది. “నాకు ఏ పెట్టె అనేది ఎవరూ చెప్పలేదు మేడం. బుధవారం నెంబరు అడిగి తెరిపించి, నన్ను బయట కూర్చోబెట్టారు. పురుగుల్లో దొరికినయ్యి అన్నారు. నేను హాల్లో తొట్టి అనుకున్నా. ఇవి… ఇవి తినవు.”

“ఏంది తినవు?” అన్నాడు సి.ఐ.

“తినే వయసు అయిపోతే పురుగు నల్లబడద్ది సార్. నోరు కూడా మారిపోద్ది, పాకటానికే పనికొస్తది. తొట్లోంచి వాటంతట అవే బయటికి పాకి పొడిచోటు వెతుక్కుంటాయి. వాటిని ఈ పొట్టులో పెడతాం. ఇక్కడ ఈగలు అయ్యేదాకా ఒక్క మెతుకు ముట్టవు.”

సి.ఐ. నవ్వాడు. “ఆదివారం తెల్లగా ఉండి, మనిషిని తిన్నాక నల్లబడ్డాయేమో. బుధవారానికి మూడు రోజులు గదా.”

అడగాల్సిన ప్రశ్నే. రషీదా దాన్ని తోసెయ్యలేదు. “ఈ పెట్టెలోకి ఇవి ఎప్పుడు వచ్చాయి?” అని జెబాని అడిగింది.

“శనివారం పొద్దున. నేనే పోశా. అప్పటికే నల్లగా ఉన్నయ్యి.”

“నీ మాటకి సాక్ష్యమేంటి?”

జెబా ఫోను తీసింది. శనివారం ఆ పెట్టెల్ని వీడియో తీసి యజమానికి పంపింది. రోజూ పంపుతుంది. వీడియోలో అవే నల్లపురుగులు, అదే పొట్టు, మూత మీద అదే గీత. సి.ఐ. రెండుసార్లు చూశాడు. ఫోను వెనక్కిచ్చాడు.

“పొట్టు సంగతి కూడా చూడండి” అంది రషీదా. “మనిషి ఒంట్లో ఎంత నీరుంటుందో మీకు తెలుసు, నాకంటే ఎక్కువ పోస్టుమార్టాలు చూశారు. ఈ పెట్టెలో ఒక శవం కరిగిపోతే ఈ పొట్టు బురదవ్వాలి. ఈ గదిలో మీరు నిలబడలేరు.”

“సామాను మాత్రం ఆయనదే గదా. ఆయన భార్యే గుర్తుపట్టింది.”

“ఆయనదే. గుండీలేవి?”

“ఏం గుండీలు?”

“చొక్కా గుండీలు. ప్యాంటు జిప్పు. బకిల్ ఉందంటే మనిషి ప్యాంటుతో ఉన్నట్టే కదా. పురుగు ప్లాస్టిక్ తినదు, ఇనుము తినదు. మీరు పిడికెడు కూడా వదలకుండా జల్లెడ పట్టించారు. ఒక్క గుండీ అయినా దొరకాలి. ఇంకోటి, బెల్టు తోలు కొరికింది కాదు, బ్లేడుతో కోసింది. స్టేషనుకి వెళ్లాక భూతద్దం పెట్టి చూడండి. ఎవరో ఆయన ఒంటి మీదవి మూడు వస్తువులు తీసి, తెచ్చి ఇక్కడ పెట్టారు. గుండీల సంగతి వాళ్లకి తట్టలేదు.”

“ఎముకలు?”

“హాల్లో తొట్లకి మాంసం కొట్ల వ్యర్థాలు కూడా వస్తాయి. ల్యాబు చెప్తుంది. నేను పందెం కాయను.”

త్రికోటేశ్వరరావు ముఖం కందింది. నీళ్ల సీసా తెరిచి సగం తాగాడు. కొండలు గుమ్మం దగ్గర నిలబడి కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు.

“సరే, శవం లేదు” అన్నాడు సి.ఐ. “దానికీ ఆదిల్ విడుదలకీ సంబంధం లేదు. ఎక్కడో చంపి, ఇక్కడ ఇవి పడేసి ఉండొచ్చు.”

“ఆదిల్ ఇక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తున్నాడు జెబా?”

“నాకంటే ముందునుంచే మేడం.”

“నల్లవి తినవని వాడికి తెలుసా?”

“ఊడ్చే వాళ్లకి కూడా తెలుసు.”

“అయితే వాడు ఇక్కడ పెట్టడు” అంది రషీదా. “బయట హాల్లో తాళం లేని తొట్లు, లెక్కలేనన్ని తినే పురుగులు. దాంట్లో పడేస్తే నేను కూడా నమ్మేదాన్ని. దాన్ని దాటుకుని, నెంబర్ల తాళం తీసి, తినని పురుగుల దగ్గరికి వచ్చారు. ఎవరొస్తారు ఇట్లా? లోపలి సంగతి తెలియనివాళ్లు. బయట సరుకు దించి పోయేవాళ్లు, లేదా అసలు సంబంధమే లేనివాళ్లు.”

“తెలియనోళ్లకి నెంబరు ఎట్టా తెలిసింది?”

“తెలిసినవాడు చెప్పాడు.”

రషీదా గాజు అర దగ్గరికి వెళ్లి ఖాళీ చట్రాల మీద టార్చి వేసింది. “ఇక్కడేముండేవి?”

“గుడ్లు” అంది జెబా. “చెక్క పట్టీల సందుల్లో ఈగలు పెట్టిన గుడ్లు. పట్టీలన్నీ పోయినయ్యి. సోమవారం పొద్దునే పోలీసులకి చెప్పా. రాసుకోలేదు.”

“పురుగు గుడ్లు ఎవడికి కావాలనుకున్నా” అన్నాడు సి.ఐ. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

“మన ఎండలకి మామూలు జాతి నిలవదు సార్. వేసవి వస్తే ఈగలు రాలిపోతాయి. ఎండకి తట్టుకునేవాటిని ఏరి ఏరి ఆరేళ్లు తంటాలు పడి సార్ ఈ జాతిని తయారుచేశాడు. ఇది దొరికితే ఎవరైనా ఇంకో ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చు.”

“గుడ్లు తీసుకుపోతే చాలా?”

“చాలదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కంటికి కూడా సరిగ్గా ఆనదు. మొదటివారం తడి కాస్త ఎక్కువైనా చచ్చిపోద్ది, తక్కువైనా చచ్చిపోద్ది. దాని పద్ధతి సారుకే తెలుసు. నేనింకా నేర్చుకుంటున్నా.”

“అంటే పిల్లలు నిలదొక్కుకునేదాకా వాళ్లకి ఆయన కావాలి” అంది రషీదా. “గుడ్ల కోసం వచ్చారు, ఆయన చేత తాళం తీయించారు, ఆయన్నీ పట్టుకుపోయారు. ఎవరూ వెతక్కుండా ఉండాలంటే ఆయన చచ్చిపోయి ఉండాలి. దానికి పురుగుల కంటే మంచి అబద్ధం ఏముంది? ‘మీ సామాను ఎక్కడ పెడితే తిన్నట్టు నమ్ముతారు?’ అని ఆయన్నే అడిగి ఉంటారు. ఆయన ఈ గది చూపించాడు. సి.ఐ. గారూ, ఆ మనిషి పొరపాటు చెయ్యలేదు. పురుగు పుట్టుక తెలిసినవాడు కావాలనే తినని పురుగుల్ని చూపించాడు. జెబా చూస్తే ఇది అబద్ధమని తెలుస్తుంది, ఆయన బతికే ఉన్నాడని తెలుస్తుంది. ఆయన నమ్ముకుంది ఈ పిల్లని. మీరేమో ఈ పిల్లని బయట కూర్చోబెట్టారు.”

జెబా పక్కనున్న పెట్టె మీద కూర్చుంది. ఏడవలేదు. “మూడు రోజుల నుంచి గేటు దగ్గరే ఉన్నా” అంది ఎవరితోనో అన్నట్టు.

త్రికోటేశ్వరరావు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“సాయంత్రం ఆదిల్‌ని హాజరుపరిచేటప్పుడు హత్య సెక్షను పెట్టను. మిస్సింగ్ కేసు కిడ్నాప్‌గా మారుస్తా. చాలా?”

“ఇంకో సంగతి చెప్పండి. ఇన్ని గదులూ ఇన్ని తొట్లూ ఉండగా మీరు నేరుగా ఈ పెట్టె దగ్గరికి ఎట్లా వచ్చారు?”

“ఇన్‌ఫర్మేషన్ వచ్చింది.”

“ఎవరిచ్చారు?”

“కొండలే. ‘లోపలి గదిలో పెట్టెలు కూడా చూడండి సార్, నాకేదో అనుమానంగా ఉంది’ అన్నాడు.” చెప్తూ చెప్తూనే సి.ఐ. మాట నెమ్మదించింది.

“పంచనామాకి ముందు కొండలు ఈ గదిలోకి ఎప్పుడైనా వచ్చాడా?” రషీదా జెబా వైపు తిరిగింది.

“ఆయన లోడు గేటు దగ్గర దించి పోతాడు మేడం. హాల్లోకి కూడా రాడు.”

ముగ్గురూ ఒకేసారి గుమ్మం వైపు చూశారు. గుమ్మం ఖాళీగా ఉంది.

రషీదాకి అప్పుడు అర్థమైంది. ఇంతసేపూ తను మాట్లాడిందంతా కొండలు అక్కడే నిలబడి విన్నాడు. వీరాంజనేయులు బతికే ఉన్నాడన్నది వాడికి ఎటూ తెలుసు. అయితే ఆయన వాణ్ణి మోసం చేశాడని, చూపించిన గదితోనే బయటికి కబురు పంపాడని వాడికి తెలియదు. అది ఇప్పుడు తెలిసింది. చెప్పింది తనే. ఒక పోలీసాయన మీద గెలవాలన్న ఉబలాటంలో, అక్షరం వదలకుండా, ఖంగున చెప్పింది.

ముగ్గురూ హాల్లోంచి గేటుదాకా పరుగెత్తారు. కొండలు మినీ లారీ ఆగిన చోట నీళ్ల సీసాల అట్టపెట్టె ఒక్కటే పడి ఉంది. కాపలా ఉండే నాగమ్మ గేటు గొళ్లెం పెడుతోంది.

“కొండలు ఎప్పుడు పోయాడు నాగమ్మా?”

“ఇప్పుడే గదమ్మా. గేటు తియ్యవే తియ్యవే అని ఒకటే తొందర. లోడు లేదు గదా, ఎందుకురా అంత అర్జెంటు అంటే పలకలా. ఫోన్లో ఎవరితోనో మాట్టాడతన్నాడు.”

“ఏమంటున్నాడు?”

నాగమ్మ సి.ఐ. వైపు చూసి తటపటాయించింది.

“చెప్పు, పర్లేదు” అన్నాడాయన.

“‘ఆయన మనల్ని ముంచాడు, ఇంక ఆయనతో పనిలేదు’ అన్నాడయ్యా. ‘నేనొచ్చేదాకా చెయ్యెయ్యమాకండి, నేనే చూసుకుంటా’ అన్నాడు.”

“ఎటు తిరిగాడు?”

“నడికుడి వైపు.”

సి.ఐ. అప్పటికే జీపు తలుపు తెరిచాడు. “నడికుడి అవతల మూతపడ్డ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఒకటుంది. పండగ ముందు వాడు లీజుకి తీసుకున్నాడు. మార్కెట్ సరుకు దాచుకోవటానికన్నాడు. కుళ్లిన సరుకు దాచుకునేదేందిరా అని నేనే నవ్వా.” ఒక్క క్షణం ఆగి రషీదా ముఖంలోకి చూశాడు. “మీరు ఎక్కండి. తిట్టుకోవటం తర్వాత.”

రషీదా ఎక్కింది. జీపు నడిపే కానిస్టేబుల్ సైరన్ మీట మీద చెయ్యి వేశాడు.

“వద్దు” అందామె. “వాడు వెళ్లేదాకే ఆయన ప్రాణం. వెనక మనమున్నామని తెలిస్తే వాడు వెళ్లేదాకా ఆగడు, ఫోన్లోనే చెప్పేస్తాడు.”

కానిస్టేబుల్ చెయ్యి తీసేశాడు. జీపు సైరన్ లేకుండా రోడ్డెక్కింది. దూరంగా, సిమెంటు లారీల వరస అవతల, నీలం టార్పాలిన్ కప్పిన మినీ లారీ ఒక మలుపు తిరిగి కనపడకుండా పోయింది.